ఇంటి చదువులో తొలి సంస్కృత పుస్తకము

ఏడెనిమిదేండ్ల బిడ్డకు ఇంటివద్దనే సంస్కృతము చెప్పింపదలచిన తలిదండ్రులు మొట్టమొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ఏ పుస్తకముతో ఆరంభింపవలెను? గౌతమీ వసిష్ఠ శాఖల నడుమనున్న కోనసీమ అగ్రహారములలో తరతరములుగా ఈ చదువు ఇండ్ల అరుగులమీదనే సాగినది. కావున ఆ చరిత్రను ఒకమారు తిరుగవేసి, పిమ్మట ఈ ప్రశ్నకు సమాధానము వెదకుదము.

పండితరాజ జగన్నాథుడు కోనసీమలోని ముంగండ అగ్రహారమునకు చెందినవాడని ప్రతీతి. 17వ శతాబ్దిలో షాజహాను చక్రవర్తి ఆదరమును పొందిన ఈ ఆలంకారికుడు, తన రసగంగాధరము మొదట తండ్రియైన పేరుభట్టునే గురువుగా కొనియాడెను. ఆ తండ్రి జ్ఞానేంద్రభిక్షువు వద్ద వేదాంతమును, మహేంద్రుని వద్ద న్యాయవైశేషికములను, కాశిలో ఖండదేవుని వద్ద మీమాంసను, శేష వీరేశ్వరుని వద్ద మహాభాష్యమును అభ్యసించెను. నలుగురు గురువుల విద్య ఒక తండ్రియందు చేరి, కుమారుని చెంతకే నడచి వచ్చినది. అట్టి యింట పుస్తకమును గూర్చిన చింతయే లేదు. తండ్రియే పుస్తకము.

అందరి యిండ్లలో పేరుభట్టులు లేరు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ విద్యను గూర్చి జిల్లాలనుండి లెక్కలు తెప్పించెను. నాడు కోనసీమ రాజమహేంద్రవరము జిల్లాలోనిది. 1823లో ఆ జిల్లా కలెక్టరు పంపిన నివేదికలో ఉన్నతవిద్యాస్థానములు 279, విద్యార్థులు 1,454 మంది. భాగించి చూచినచో ఒక్కొక్క చోట సుమారు అయిదుగురు. అయిదుగురు పిల్లలున్న పాఠశాల యనగా ఒక పండితుని అరుగు అని మనము గ్రహింపవచ్చును. అక్కడ చదివిన గ్రంథములలో రఘువంశ కుమారసంభవాది కావ్యములును, సిద్ధాంతకౌముదియు పేర్కొనబడినవి.

ఆ కావ్యములకు ముందు పిల్లవాని నోట నిలిచినవి రెండు: శబ్దమంజరి, అమరకోశము. రామశబ్దమునకు సంబోధనతో ఎనిమిది విభక్తులు, మూడు వచనములు, వెరసి ఇరువదినాలుగు రూపములు. మన తెనుగున లేని ద్వివచనము ఇక్కడనే నాలుకకు అలవడును. అమరసింహుడు మూడు కాండములలో పర్యాయపదములను కూర్చుటయే గాక, వాని లింగములను గూడ తెలిపెను. ఇది తెలుగు పిల్లలకు మిక్కిలి అవసరము. భార్య అను అర్థమున భార్యాశబ్దము స్త్రీలింగము, దారశబ్దము పుంలింగము, అదియు నిత్యబహువచనము, కళత్రశబ్దము నపుంసకలింగము. అర్థమును బట్టి లింగమును ఊహించువాడు ఇచ్చట తప్పక తడబడును. బాల్యముననే కంఠస్థము చేసినవానికి ఆ తడబాటు లేదు.

అయితే ఈ రెండు పుస్తకములకును ఒక స్వభావము కలదు. ఇవి తమంత తాము ఏమియు వివరింపవు. శబ్దమంజరిలో రూపములున్నవి గాని వానితో వాక్యము కూర్చు విధము లేదు. ప్రక్కన కూర్చుండి, "ఇది ఇందుకు" అని చెప్పువాడు ఒకడు ఉన్నాడను నమ్మకముతోనే ఇవి పుట్టినవి. అమరమునకు వెలసిన తెలుగు వ్యాఖ్యకు గురుబాలప్రబోధిక యని పేరు పెట్టుటలో గొప్ప ఔచిత్యమున్నది. బాలునికే గాక, చెప్పు గురువునకు సైతము బోధ అవసరమని ఆ పేరే ఒప్పుకొనుచున్నది.

వ్యాకరణము సంగతియు ఇట్టిదే. పాణిని సూత్రములు సుమారు నాలుగువేలు. అష్టాధ్యాయి వరుస ఆ శాస్త్రమునకు అనువైనదే గాని, ఒక్క పదము సాధించుటకు పలు అధ్యాయములు తిరుగవలెను. భట్టోజి దీక్షితుడు సిద్ధాంతకౌముదిలో వానిని ప్రకరణముల వారీగా మార్చి కూర్చెను. ఆయన శిష్యుడు వరదరాజు లఘుకౌముదిలో వానిని సుమారు 1,270 సూత్రములకు తగ్గించెను. నేర్చువాని శక్తిని బట్టి శాస్త్రమునే తిరుగ పేర్చుటకు మన పెద్దలు వెనుదీయలేదని దీనివలన తేలుచున్నది.

ఇక్కడ ఒక కఠినసత్యమును దాచరాదు. ఆ అరుగులమీద ఈ చదువు ప్రధానముగా బ్రాహ్మణ బాలురకే దక్కినది. అదే యింటి ఆడుబిడ్డకును, వీథి కావలి కుటుంబములకును అది అందలేదు. నేడు ఏ యింటి బిడ్డయైనను సంస్కృతము నేర్వవచ్చును. అందుచేతనే తొలి పుస్తకమెంపిక మునుపటికంటె బరువైనది. తాతతండ్రుల నోట ఈ భాష వినని యింటికి, గురువు ఉన్నాడని తలచి వ్రాసిన పుస్తకమును మాత్రమే ఇచ్చినచో, ఆ బిడ్డ నెల తిరుగకముందే దానిని మూసివేయును. తప్పు తనదేనని తలచును. తలుపు తెరిచి, మెట్లు తీసివేసినట్లగును.

19వ శతాబ్దిలో ఈ మెట్లు కట్టినవారున్నారు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1851లో ఉపక్రమణికను బిడ్డల మాతృభాషయైన వంగభాషలో వ్రాసెను. రామకృష్ణ గోపాల భండార్కరు మార్గోపదేశికలో కొద్దిపాటి వ్యాకరణము, వెంటనే అభ్యాసవాక్యములు, వానికి కావలసిన పదములు, ఈ వరుసను పాటించెను.

పాశ్చాత్యదేశములలో లాటిను కథయు ఇట్టిదే. 1533లో జన్మించిన ఫ్రెంచి రచయిత మాంటేను పసితనమున, అతని తండ్రి ఫ్రెంచి రాని జర్మను పండితుని తెచ్చి, బిడ్డతో లాటిననే మాటాడునట్లు ఏర్పరచెను. తల్లియు సేవకులును సైతము కొన్ని మాటలు నేర్చిరి. బిడ్డకు లాటిను మాతృభాషవలె అబ్బినది. ఆరవయేట బడికి పోయిన పిమ్మట ఆ వాడుక తప్పి, భాషయు చెడినదని ఆయనయే చెప్పుకొనెను. ఆరంభమెంత ముఖ్యమో, కొనసాగింపును అంత ముఖ్యమని ఇందలి పాఠము.

కావున మా సూచన ఇది. పుస్తకమును చూడకముందు, బిడ్డ ప్రక్కన కూర్చుండువారెవరో చూడుడు. సంస్కృతమెరిగిన పెద్దలు ఇంట నున్నచో శబ్దమంజరి, అమరములను మించినవి లేవు. రోజునకు ఒక శబ్దము, రెండు శ్లోకములు చాలును. అట్టివారు లేనిచో, తెలుగులో వివరణమును, ప్రతిపాఠమున చిన్న వాక్యములును గల వాచకముతో ఆరంభించి, శబ్దములను దానికి తోడుగా వల్లింపుడు. వృక్షము, ఫలము, నది, గురువు మొదలగు పదములు తెలుగు బిడ్డకు ముందే పరిచితములు. వాని రూపములే క్రొత్తవి. వ్యాకరణగ్రంథము తరువాతి మాట. ఉచ్చారణమునకు చెవి కావలెను. 1974 జూన్ 30న ఆకాశవాణి సంస్కృత వార్తలను ప్రారంభించినపుడు, గురువు లేని యింటికి గూడ ఆ ధ్వని చేరినది.

అన్నిటికంటె మేలైనది మరియొకటి కలదు. తల్లియో తండ్రియో బిడ్డతోపాటు అదే పాఠము చదువుట. పేరుభట్టు వలె నాలుగు శాస్త్రములు రానక్కరలేదు. బిడ్డకంటె ఒక పాఠము ముందున్న చాలును.