మేత మారిస్తే మేక ఎందుకు తేరుకుంటుంది?



మాలో సగం మంది హాస్టల్‌కి తెచ్చుకున్న ట్రంకు పెట్టె మేకపోతును అమ్మి కొన్నదే. అందుకే ఈసారి మేకల ముచ్చట. మేత ఉన్నా మేక చిక్కిపోతుంటే మన పెద్దోళ్ళు ‘ఆ పక్క కొండకి తోలండి’ అంటారు. చదువుకుంటున్నాం కదా, మేం నవ్వేవాళ్ళం.

న్యూజిలాండ్ ఉత్తర దీవి మధ్యలో అగ్నిపర్వతపు బూడిద నేలలున్నాయి. గడ్డి బాగానే పెరిగేది, కానీ అది తిన్న ఆవులు, గొర్రెలు ఎండిపోయి చచ్చేవి. దాన్ని ‘బుష్ సిక్‌నెస్’ అన్నారు. వేరే నేలకి తోలితే తేరుకుంటాయని రైతులకి తెలుసు, ఎందుకో తెలీదు. ఆస్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఇనుము తక్కువన్నాడు. లిమొనైట్ అనే ఇనుప రాయి పొడి పెడితే పశువులు లేచాయి కూడా. ఇంకేం, అందరూ నమ్మేశారు. కానీ ఒకచోటి రాయి పనిచేస్తే ఇంకోచోటిది పనిచేసేది కాదు.

పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇలాంటి రోగం మీదే పనిచేస్తున్న ఫిల్మర్, అండర్‌వుడ్ ఆ రాయిలోంచి ఇనుము తీసేసి మిగిలింది పెట్టి చూశారు. అయినా పశువు కోలుకుంది! అసలు మందు అందులో రవ్వంత కలిసున్న కోబాల్ట్ అని 1935లో తేల్చారు. అదే ఏడాది దక్షిణ ఆస్ట్రేలియాలో మార్‌స్టన్, లైన్స్ కూడా గొర్రెల్లో ఈ మాటే చెప్పారు.

విచిత్రం ఏంటంటే, కోబాల్ట్ నోట్లో పోస్తే పనిచేస్తుంది, సూది వేస్తే పెద్దగా చేయదు. 1948లో బి12 విటమిన్‌ని విడదీసి, అందులో కోబాల్ట్ ఉందని తెలిశాక ఈ ముడి వీడింది. ఆవైనా మేకైనా, నెమరేసే జీవి పొట్టలో మొదటి పెద్ద అర నిండా సూక్ష్మజీవులే. కోబాల్ట్ కావాల్సింది వాటికి. దాంతో అవి బి12 తయారుచేస్తాయి. మేత పులిసి వచ్చే ప్రొపియోనిక్ ఆమ్లాన్ని కాలేయం చక్కెరగా మార్చుకోవాలంటే ఆ బి12 ఉండాల్సిందే. లేకపోతే ఆకలి చచ్చిపోతుంది, తిన్నది ఒంటికి పట్టదు. కావాల్సింది కిలో ఎండు మేతకి సుమారు 0.1 మిల్లీగ్రాము, అంతే.

చిక్కిన ప్రతి మేకకీ ఇదే జబ్బు అనట్లేదు. కడుపులో పురుగులున్నా చిక్కుతుంది, ముందు అది చూపించండి.

దక్షిణ ఆస్ట్రేలియా తీరంలో కోబాల్ట్ ఒక్కటే చాల్లేదు, రాగి కూడా ఇవ్వాల్సి వచ్చింది. ఇది మనకి పనికొచ్చే ముక్క. రాగి కాస్త ఎక్కువైతే గొర్రెకి విషం, అందుకే గొర్రెల మినరల్ మిక్చర్‌లో రాగి కలపరు, కలిపినా బాగా తక్కువ. మేకకి అంతకన్నా ఎక్కువ కావాలి. మా ఊళ్ళో ఒక మామ ఏడాదిగా గొర్రెలదే తెచ్చి మేకలకి పెడుతున్నాడు. సంచి తిప్పి చదివితే రాగి పేరే లేదు.

మేక పది రకాల ఆకులు ఏరుకుని తినే జీవి. నేల మారితే ఆకులో ఉండే లవణాలూ మారతాయి. మా దగ్గర ఆ కొండ సగానికి ఇప్పుడు కంచె పడింది, మేకలు ఊరి చుట్టూ ఉన్న తుప్పలే తింటున్నాయి. మీ వైపు పెద్దోళ్ళు చిక్కిన మేకని ఎటు తోలమంటారు, ఏ ఆకు పెట్టమంటారు? అడిగి రాయండి, పేర్లు మీ భాషలోనే రాయండి.