సంతకం ఎవరిది?

ఒక కాగితం ముచ్చటతో మొదలుపెడదాం. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు ఒక టీకా వేశారు. వేసే ముందు తల్లిదండ్రుల సమ్మతి కావాలి గనక ఒక పత్రం అచ్చువేశారు. ఆ పత్రాల లెక్క పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన నివేదికలో ఉంది. మొత్తం 9,543 పత్రాలు. 1,948 పత్రాల మీద వేలిముద్రలు. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అంటే ప్రతి పది పత్రాల్లో ఇంచుమించు మూడింటి మీద, ఆ పిల్లను కనని, పెంచని ఒక ఉద్యోగి "మాకు సమ్మతమే" అని రాసిచ్చాడు.

హాస్టల్ అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. సాంఘిక సంక్షేమ హాస్టలో, ఆశ్రమ పాఠశాలో లేకపోతే మనలో చాలామందికి ఈ నాలుగు అక్షరాలు రాసే యోగ్యత దక్కేది కాదు. పిల్లను హాస్టల్లో దించి వచ్చేటప్పుడు తల్లి "ఇక మీదే భారం సారూ" అంటుంది. అది అన్నం గురించి, చదువు గురించి, పిల్ల భద్రం గురించి అన్న మాట. పిల్ల ఒంటి మీద పరిశోధనకు ఇచ్చిన అనుమతి కాదు. ఈ రెంటి మధ్య తేడాను ఎవరు చెరిపారు, ఎట్లా చెరిపారు అన్నదే ఈ వ్యాసం విషయం. దానికి ఖమ్మం ఒక్కటే చూస్తే సరిపోదు. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే కాన్సర్ మీద జరిగిన పరిశోధనల చరిత్రను మొదట్నుంచి చూసుకుంటూ రావాలి. ఆ చరిత్రలో డాక్టర్ల పేర్లు, సంస్థల పేర్లు, బహుమతుల పేర్లు ఉంటాయి. పరిశోధనకు శరీరమిచ్చిన ఆడవాళ్ళు అంకెలుగానే ఉంటారు.

బాల్టిమోర్

పేరు తెలిసిన ఒకే ఒక్క ఆమె హెన్రియెటా లాక్స్. నల్లజాతి స్త్రీ, పొగాకు పొలాల్లో పనిచేసిన కుటుంబం. 1951లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రికి వెళ్ళింది. గర్భసంచి ముఖద్వారానికి కాన్సర్ అని తేలింది. చికిత్స చేస్తూ, ఆమెను అడక్కుండానే ఆ పుండు నుంచి చిన్న ముక్క కోసి ప్రయోగశాలకు పంపారు. అదే ఏడు అక్టోబర్ 4న, 31 ఏళ్ళకే ఆమె చనిపోయింది. ఆమె కణాలు చావలేదు. 'హీలా' అనే పేరుతో ప్రపంచమంతా పెరిగాయి. పోలియో టీకాను పరీక్షించటానికి వాటిని పెద్ద ఎత్తున పెంచిన చోటు అలబామా రాష్ట్రంలోని టస్కెగీ, నల్లజాతి వాళ్ళ విద్యాసంస్థ. అదే టస్కెగీలో 1932 నుంచి 1972 దాకా అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ సుమారు 600 మంది నల్లజాతి మగవాళ్ళ మీద ఒక అధ్యయనం నడిపింది. సవాయి రోగం ఉన్నవాళ్ళకు పెన్సిలిన్ ఇవ్వకుండా, ఆ జబ్బు ముదిరితే ఏమవుతుందో చూస్తూ కూర్చుంది. ఒకే ఊళ్ళో, ఒకే కాలంలో, నల్లవాళ్ళ కణాలతో లోకానికి టీకా తయారవుతుంటే నల్లవాళ్ళకు మాత్రం ఉన్న మందు అందలేదు.

తర్వాత జర్మనీలో హరాల్డ్ సుర్ హౌసెన్ బృందం ఈ కాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్ అని నిరూపించింది. ఆ వైరస్‌లో 18వ రకాన్ని 1984లో హీలా కణాల్లోనే చూపించారు. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ జ్ఞానం నుంచే ఖమ్మం పిల్లలకు వేసిన టీకా పుట్టింది. హెన్రియెటా కుటుంబానికి మాత్రం ఆ కణాల సంగతే రెండు దశాబ్దాల తర్వాత గానీ తెలియలేదు. వాటిని అమ్ముకున్న ఒక కంపెనీతో కుటుంబానికి రాజీ కుదిరింది 2023లో. అంటే ఈ టీకా కథ మొదలే అడగని సంతకంతో మొదలైంది.

ఢిల్లీ

మన దేశంలో ఈ కథకు మొదటి అధ్యాయం ఢిల్లీ. 1976 నుంచి 1988 దాకా భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో ప్రభుత్వాసుపత్రులకు వచ్చిన 1,100 మందికి పైగా ఆడవాళ్ళ మీద ఒక అధ్యయనం జరిగింది. వాళ్ళ గర్భసంచి ముఖద్వారంలో కాన్సర్‌కు ముందు కనబడే మార్పులున్నాయి. ఆ మార్పులు ఎంతకాలానికి కాన్సర్‌గా మారతాయో తెలుసుకోవటం పరిశోధన ఉద్దేశం. అందుకని చికిత్స చేయకుండా వరసగా పరీక్షలు చేస్తూ పోయారు. కొందరికి కాన్సర్ వచ్చింది.

ఈ సంగతి 1997లో పత్రికలకెక్కింది. ఆ ఆడవాళ్ళ దగ్గర రాతపూర్వక సమ్మతి లేదు. నోటిమాటగా అడిగామన్నారు. ఆ రోజుల్లో రాతపూర్వక సమ్మతి కావాలన్న నియమం లేదన్నారు. కానీ మనుషుల మీద పరిశోధనకు నైతిక విధానమంటూ మండలే 1980లో ఒక ప్రకటన చేసింది. అధ్యయనం ఆ తర్వాత ఎనిమిదేళ్ళు నడిచింది. నియమం కాగితం మీద ఉంది, ఆడవాళ్ళు పరీక్ష బల్ల మీద ఉన్నారు, రెంటికీ కలయిక లేదు.

ఇక్కడ ఒకటి గమనించాలి. ప్రభుత్వాసుపత్రి వరసలో పొద్దున్నే వచ్చి నిలబడేది ఎవరు? డబ్బున్న ఇంటి ఆడమనిషికి ఈ మార్పు కనబడితే ప్రైవేటు డాక్టరు వెంటనే తీసేయించుకోమంటాడు. ఆమె ఎవరి అధ్యయనంలోనూ అంకె కాదు. కూలికి పోయేటామెకు అదే మార్పు వస్తే అది 'సహజ గమనం' అవుతుంది. సహజం అన్న మాట కింద ఎన్ని అసహజాలు దాగుతాయో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

ముంబయి, ఉస్మానాబాద్

రెండో అధ్యాయం మహారాష్ట్రది. 1998లో ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు, అమెరికా జాతీయ కాన్సర్ సంస్థ డబ్బుతో, సుమారు లక్షన్నర మంది ఆడవాళ్ళతో ఒక పరిశోధన మొదలుపెట్టారు. సగం మందికి ముఖద్వారానికి వెనిగర్ పూసి చూసే చవక పరీక్ష. మిగతా సగానికి కాన్సర్ గురించి చెప్పటం మాత్రమే. 1999లో ఉస్మానాబాద్ జిల్లాలో ఇంకొకటి మొదలైంది. 1956 దాకా మనతోపాటు హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న జిల్లా అది, నామాంతర ఉద్యమం నడిచిన మరాఠ్వాడాలోది. అక్కడ 1,31,746 మంది ఆడవాళ్ళను నాలుగు గుంపులు చేశారు. మూడు గుంపులకు మూడు రకాల పరీక్షలు. నాలుగో గుంపుకు పరిశోధకులు ఏ పరీక్షా చేయలేదు. దీనికి డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది.

ఫలితాలు వచ్చాయి. ఉస్మానాబాద్‌లో హెచ్‌పీవీ పరీక్ష చేసిన గుంపులో 34 మంది ఈ కాన్సర్‌తో చనిపోతే, పరీక్ష లేని గుంపులో 64 మంది చనిపోయారు. ముంబయిలో వెనిగర్ పరీక్ష వల్ల మరణాలు 31 శాతం తగ్గాయి. ఇవి గొప్ప ఫలితాలే. ఆ డాక్టర్లకు దురుద్దేశం అంటగట్టటం మా పని కాదు. పేదదేశంలో చవకగా ప్రాణాలు కాపాడే దారి వెతికారు.

కానీ ఎరిక్ సూబా అనే అమెరికన్ డాక్టరు ఒక ప్రశ్న వేశాడు. ముందే పరీక్షిస్తే ఈ కాన్సర్ మరణాలు తగ్గుతాయని పాశ్చాత్య దేశాలకు దశాబ్దాల కిందటే తెలుసు గదా, మరి కొంతమందిని పరీక్ష లేకుండా ఎందుకు వదిలారు? తమిళనాడులోని దిండిగల్ పరిశోధనతో సహా ఈ మూడింటిలో పరీక్ష లేని గుంపుల్లో ఉన్నవాళ్ళు 1,38,624 మంది అనీ, వాళ్ళలో కనీసం 254 మంది ఈ కాన్సర్‌తోనే చనిపోయారనీ ఆయన 2014లో లెక్కచెప్పాడు.

పరిశోధకుల జవాబు మనం శ్రద్ధగా వినాలి. భారతదేశంలో మామూలుగా అందే వైద్యంలో ఈ పరీక్ష లేదు, కాబట్టి పరీక్ష లేని గుంపుకు మేము కొత్తగా చేసిన అన్యాయం లేదు అన్నారు. తర్కం సరిగ్గానే కనబడుతుంది. కానీ ఆ 'మామూలు' ఎక్కడి నుంచి వచ్చింది? అది ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఊరికి ఆసుపత్రి వచ్చినా వాడకు నర్సు రానిది మామూలు. కూలి పోగొట్టుకుని పట్నం పోలేనిది మామూలు. బాగా డబ్బున్న ఇళ్ళ ఆడవాళ్ళకు ఆ పరీక్ష అప్పుడూ దొరికేది. అంటే ముందు మన లేమిని తయారుచేశారు, తర్వాత ఆ లేమినే కొలబద్ద చేసి, దాని పక్కన మన చావులను నిలబెట్టి కొలిచారు. బావిలో నీళ్ళు తోడుకోనివ్వకుండా "వాళ్ళకు అలవాటే" అన్న మాటకూ దీనికీ చుట్టరికం ఉంది.

ఖమ్మం

ఇప్పుడు ఖమ్మం. పాత్ అనేది అమెరికాలోని సియాటిల్ కేంద్రంగా పనిచేసే సంస్థ. 2007లో వైద్య పరిశోధనా మండలితో ఒప్పందం చేసుకుంది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలు కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. ఖమ్మానికి మెర్క్ కంపెనీ గార్డసిల్, గుజరాత్‌లోని వడోదరకు గ్లాక్సో కంపెనీ సెర్వారిక్స్. 2009 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు వేయటం మొదలుపెట్టారు. సుమారు 14 వేల మంది. పిల్లకు మూడు సూదులు. బజారులో అప్పుడు ఆ మూడింటి ఖరీదు సుమారు తొమ్మిది వేల రూపాయలు.

2010 మార్చిలో 'సమ' అనే మహిళా ఆరోగ్య బృందం భద్రాచలం వెళ్ళింది. సూది వేయించుకున్న వాళ్ళలో ఆదివాసీ, దళిత, ముస్లిం, వెనకబడిన కులాల పిల్లలు ఎక్కువగా కనబడ్డారు. అది ఏ జబ్బుకో, ఎన్నాళ్ళు పనిచేస్తుందో చెప్పినోళ్ళు లేరు. సర్కారు టీకాల్లో ఇదీ ఒకటి అనుకున్నారు. అనుకోరా మరి? జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ గుర్తు వాడారని స్థాయీ సంఘం తర్వాత తప్పుపట్టింది.

గొడవ పెద్దదై 2010 ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది. విచారణ సంఘం వేసింది. 2011లో నివేదిక వచ్చింది. రెండు రాష్ట్రాల్లో చనిపోయిన ఏడుగురు పిల్లల చావులకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని తేల్చింది. సమ్మతి తీసుకున్న పద్ధతిలో లోపాలున్నాయని ఒప్పుకుంది. 2013 ఆగస్టులో స్థాయీ సంఘం ఇంకా గట్టిగా మాట్లాడింది. తల్లిదండ్రుల తరఫున ప్రధానోపాధ్యాయులనే సంతకం చేయమని రాష్ట్ర ప్రభుత్వమే ఆదేశించిందని బయటపెట్టింది. ఇది ఔషధ పరీక్ష కాదు, ఇప్పటికే అనుమతి ఉన్న టీకాను ఎట్లా అందించాలో చూసే అధ్యయనం మాత్రమే అని పాత్ వాదన. పేరు ఏదైనా, పిల్ల ఒంటి నుంచి సమాచారం తీసుకుంటున్నప్పుడు ఆ పిల్లను అడగాలా వద్దా అన్న ప్రశ్న అట్లాగే ఉంది.

ఆ చావుల గురించి ఒక మాట చెప్పి తీరాలి. రెండు రాష్ట్రాల్లో చనిపోయిన ఏడుగురిలో ఒకరు నీళ్ళలో మునిగి, ఒకరు పాము కరిచి, ఒకరు జ్వరం ముదిరి, ఇద్దరు పురుగుల మందు తాగి చనిపోయారని రికార్డు. టీకా వల్ల కాదు అన్నారు. కాకపోవచ్చు. టీకాయే చంపిందని నినాదమివ్వటం తేలిక, అందుకు మా దగ్గర రుజువు లేదు. కానీ ఆ జవాబుతో ఫైలు మూసేశారు. మలేరియా జ్వరానికి సకాలంలో మందు ఎందుకు అందలేదు? పాము కరిచిన పిల్ల ఎందుకు బతకలేదు? ఆ ఈడు పిల్ల పురుగుల మందు డబ్బా ఎందుకు ఎత్తింది, ఆ మనసులో ఏముంది? ఎవరికీ ఇది పరిశోధనాంశం కాలేదు. వేలమంది పిల్లల దగ్గరికి అంత డబ్బుతో, అంత బలగంతో వెళ్ళినవాళ్ళకు ఆ పిల్లల శరీరంలో ఒక్క వైరసే కనబడింది. పిల్ల కనబడలేదు.

ఏం అడుగుతున్నాం?

దీన్నంతా చదివి టీకా వద్దంటున్నాం అనుకుంటే పొరపాటు. ఈ టీకా పనిచేస్తుంది. చాలా దేశాల్లో కాన్సర్ తగ్గింది. సిక్కిం 2018లోనే బడిపిల్లలకు ఇవ్వటం మొదలుపెట్టింది. 2022లో మన దేశంలోనే తయారైన చవక టీకాకు అనుమతి వచ్చింది. 2022 అంచనా ప్రకారం ఆ ఒక్క ఏడే మన దేశంలో సుమారు 80 వేల మంది ఆడవాళ్ళు ఈ కాన్సర్‌తో చనిపోయారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఈ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్ళు రెండు శాతం కూడా లేరు. పరీక్ష లేక చచ్చేది ముందు మన అమ్మలే, మన వదినెలే. ఖమ్మంలో జరిగిన దానివల్ల టీకా మీద పుట్టిన భయానికి మూల్యం చెల్లించేది కూడా వాళ్ళే. అడక్కుండా వేసిన సూది, రేపు అడిగి వేసే సూదిని కూడా అనుమానంలో పడేసింది. ఇది ఆ పరిశోధన చేసిన రెండో అన్యాయం.

నియమాలు మారలేదని కాదు. వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకాలు తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల అంగీకారం కూడా తీసుకోవాలంటున్నాయి. ఖమ్మం వ్యవహారంపై వేసిన వ్యాజ్యంలో, పార్లమెంటు సంఘాల నివేదికలను కోర్టులు పరిగణనలోకి తీసుకోవచ్చని 2018 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కానీ 1980 ప్రకటన ఉండగానే ఢిల్లీ అధ్యయనం నడిచిన సంగతి మరిచిపోకూడదు.

మేము అడిగేది పెద్దదేం కాదు. కోయ పిల్లకు కోయలో, మాదిగ పిల్లకు ఆమె ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పండి. వద్దనే హక్కు ఉందని కూడా చెప్పండి. తల్లి కూలి నుంచి వచ్చేదాకా ఆగండి. సర్కారు ఉత్తర్వుతో వార్డెను చేత ఆ తల్లి సంతకం చేయించకండి. వేలిముద్ర వేసే తల్లికి కూడా వినే చెవి ఉంది, అడిగే నోరు ఉంది. ఆమె అడిగేదానికి జవాబు చెప్పాకనే ఆ పత్రం ముందు పెట్టండి.