లేవిడి నుంచి బస్తర్ దాకా
1967 అక్టోబరు 31న మొండెంఖల్ గిరిజన సంఘం మహాసభకు వెళుతున్న మన వాళ్లపై లేవిడి వద్ద భూస్వాముల వర్గం తుపాకులు పేల్చింది. కోరన్న, మంగన్న నేలకొరిగారు. కోర్టులో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఉద్యమం రగిలింది, కొండల్లోకి పోలీసు తుపాకులు వచ్చాయి. 1970 జూలై 10న వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మాస్టార్లు పోలీసుల చేతిలో హతులయ్యారు.

మా కొత్తవలసలో మొదలయ్యే రైలుమార్గం అరకు మీదుగా బస్తర్ ప్రాంతంలోని కిరండూల్ చేరుతుంది. అక్కడ సల్వాజుడుం కాలంలో ప్రభుత్వమే గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులంది. 2011 జూలై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది.

పోలీసు పేల్చిన తూటాకు రికార్డులో లెక్క ఉండాలి. ప్రైవేటు తూటాకు ఆ లెక్కా లేదు. రెండింటికీ జవాబు అడగగలిగిన రోజే మనకు రక్షణ.