ఎన్ని దేవతల వాళ్లు?

మా అత్తమ్మ బియ్యం కొలిచేటప్పుడు "ఒకటి" అనదు. "లాభం, రెండు, మూడు..." అంటూ పోస్తుంది. బియ్యం దగ్గర లాభమైన ఆ ఒకటి మొన్న సంబంధం దగ్గర నష్టమైంది. అమ్మాయికి అన్నీ కుదిరిన సంబంధం, రెండు ఇండ్లదీ ఒకే గోత్రమని తేలి ఆగిపోయింది. "ఎప్పటి ఋషో! ఆయన పేరు చెప్పి వీళ్లు అన్నాచెల్లెళ్లు ఎట్లయితరు?" అని నేనే గొడవపడ్డాను.

కోపం కాస్త తగ్గాక, ఉట్నూరులో మా పక్కింట్లో ఉన్న గోండు టీచరమ్మ గుర్తొచ్చింది. వాళ్లలో సంబంధం మాట రాగానే "ఎన్ని దేవతల వాళ్లు?" అని అడుగుతారట. నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ఆదిలాబాద్ రాజ్‌గోండుల్లో ప్రతి ఇల్లూ ఈ అంకెల్లో ఒకదానికి చెందుతుంది. ఆ విభాగాన్ని 'సగ' అంటారు. గుహలో చిక్కుకున్న పూర్వీకులను విడిపించిన పహండి కుపార్ లింగో వాళ్లను ఇలా విభజించాడని వాళ్ల పురాణం. ఇంటిపేర్లు వేరైనా అంకె ఒకటైతే అన్నదమ్ములే. పెళ్లికి రెండు అంకెలు కావాల్సిందే. చైనాలో నాలుగు అనే మాట చావు అన్నట్టు వినిపిస్తుందని భయపడతారు, ఇక్కడ నాలుగంటే చుట్టరికం!

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం నియమించిన హైమన్‌డార్ఫ్ 1948లో వచ్చిన తన పుస్తకంలో ఈ ఏర్పాటునంతా రాశాడు.

పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి దగ్గరి కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. అక్కడ పూజ చేసే మెస్రం వాళ్లు ఏడు దేవతల వాళ్లు. వాళ్ల కొత్త కోడళ్లు తెల్లచీరలు కట్టి, ముసుగు వేసుకుని నాగోబా ముందుకు వస్తారు. దాన్ని భేటీ అంటారు. దేవుడికి పరిచయమయ్యాకే కోడలు మెస్రం ఇంటి మనిషి అవుతుంది.

"అక్కా, ఆ కోడళ్లలో ఒక్కరు కూడా ఏడు దేవతల ఇంట్లో పుట్టినవాళ్లు ఉండరు" అన్నది టీచరమ్మ. ఆ మాట అప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఏడును నిలబెడుతున్నది నాలుగు, ఐదు, ఆరు ఇండ్ల ఆడబిడ్డలే కదా! ఒకటిగా ఉండాలన్నా రెండోది కావాలి.

ఇదంతా చెప్తే అత్తమ్మ "నేనన్నది గదే కద బిడ్డా" అన్నది. అమ్మాయి మాత్రం నవ్వి, "అయితే నా పెళ్లికి ఆ అన్నను కూడా పిలువుండ్రి" అన్నది.

ఆ నవ్వు నిజమైనదేనా అని ఆ రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.