బొంగరం లెక్క తేల్చిన సోఫియా

మా ఆర్మూరులో పసుపు కొమ్ములు ఆరబోసిన కళ్ళాల పక్కన పిల్లలు బొంగరాలాడుతుంటే కసురుకుంటాం గదా! ఆ బొంగరం ఎట్లా తిరుగుతుందో తేల్చడానికి మహా మహా పండితులే వందేళ్ళకు పైగా తంటాలు పడ్డారంటే నమ్ముతారా, సోదరీమణులారా?

ఈ క్షణాన ఇటు ఒరిగింది, మరుక్షణం ఎటు ఒరుగుతుంది? ఇది చెప్పే సూత్రాలను అవకలన సమీకరణాలంటారు. రాయడం తేలికే, విప్పడమే కష్టం. పూర్తిగా విడివడే బొంగరాలు రెండే దొరికాయి. ఒకటి ఆయిలర్‌ది, ఒకటి లగ్రాంజ్‌ది. మూడోదాన్ని పట్టుకున్నది ఒక ఆడమనిషి, సోఫియా కొవలెవ్‌స్కాయా.

ఆవిడ 1850లో మాస్కోలో పుట్టింది. పల్లెలోని ఇంట్లో గోడలకంటించే కాగితం చాలక, పిల్లల గదికి కలనగణిత పాఠాల కాగితాలు అంటించారట. అర్థం కాకపోయినా ఈ పిల్ల వాటినే చూస్తూ నిలబడేది. పై చదువుకు పరదేశం పోవాలంటే పెళ్ళికాని పిల్లకు వీల్లేదు. అందుకని 1868లో పేరుకొక పెళ్ళి చేసుకుని, ఆనక జర్మనీ వెళ్ళింది. బెర్లిన్ విశ్వవిద్యాలయం ఆడవాళ్ళను చేర్చుకోదు. వైర్‌స్ట్రాస్ అనే పెద్దాయన నాలుగేళ్ళు విడిగా పాఠం చెప్పారు. 1874లో గటింగెన్ డాక్టరేటు ఇచ్చింది గానీ, విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగం ఎవరిస్తారు? భర్త 1883లో ఆత్మహత్య చేసుకున్నాడు. చిన్న కూతురుగల ఆవిడకు చివరికి స్టాక్‌హోమ్ పని ఇచ్చింది.

బరువు ములుకుకు సరిగ్గా పైన కాక పక్కకు వున్న బొంగరం సోఫియాది. 1888లో పారిస్ అకాడమీ దానికి బోర్డిన్ బహుమానం ఇస్తూ, 3,000 ఫ్రాంకులను 5,000 చేసింది. 1891లో, 41 ఏళ్ళకే, ఆవిడ కన్నుమూసింది.

ఆ లెక్కలో కీలకమేమంటే, రాపిడి లేదనుకుంటే, బొంగరం ఎంత వూగినా శక్తి వంటి కొన్ని రాశులు మారవు. సోఫియా అటువంటి మారని రాశి మరొకటి కనిపెట్టింది. అవి చాలినన్ని వుంటే, ఆ చలనమంతా గారె వంటి చిల్లున్న ఆకారం మీద దారం చుట్టినట్టు సాగుతుందని తర్వాతివాళ్ళు చూపారు. సమీకరణం కాస్తా ఆకారమైపోయింది!

1987లో హిచిన్ అనే ఇంగ్లీషు ఆచార్యుడు ఇంకా పెద్ద స్థలాలలో ఇటువంటి గారెల దొంతరలే చూపించారు. వాటి సాయంతోనే వియత్నాంలో పుట్టిన ఙో బావ్ చౌ సంఖ్యాశాస్త్రంలో మొండికేసిన ఒక సమస్యను సాధించి, 2010 ఆగస్టు 19న ఫీల్డ్స్ పతకం అందుకున్నారు. ఎక్కడనుకున్నారు? మన హైదరాబాదులోనే! అంతకు రెండు రోజుల ముందు అదే వూళ్ళో మహిళా గణితవేత్తలు సమావేశమయ్యారు. పతకాలిచ్చింది రాష్ట్రపతి ప్రతిభా పాటిల్. అందుకున్న నలుగురూ మగవారే. ఒక స్త్రీకి ఆ పతకం వచ్చింది 2014లో, ఇరాన్ అమ్మాయి మరియం మీర్జాఖానీకి.