ఊరు ఇచ్చిన మూడేళ్లు

చాంద్రాయణగుట్ట చౌరస్తాలో బయల్దేరి ఫలక్‌నుమా, శాలిబండ, చార్మినార్ మీదుగా నయాపూల్ దాటి ఆబిడ్స్ చేరితే, అక్కడికి దగ్గర్లోనే ఫతే మైదాన్ టెన్నిస్ కోర్టులు. మొత్తం పదీ పన్నెండు కిలోమీటర్లు. గుట్టను ఆనుకుని ఉన్న బార్కస్‌లో పిల్లలకు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. పాతబస్తీ తాలీమ్‌లలో కుస్తీకి తరాల చరిత్ర ఉంది. టెన్నిస్ మాత్రం మూసీ నది అవతలి ఆట, క్లబ్బుల్లో సభ్యత్వం ఉన్నవాళ్ల ఆట. సానియా మీర్జా ఎదుగుదలను మూసీకి ఇవతల నిలబడి చూస్తే, ఆమె ప్రతిభతో పాటు ఆమెకు అందిన కోర్టులూ అవకాశాలూ కూడా కంటపడతాయి. వాటిని లెక్కలోకి తీసుకున్నంత మాత్రాన ఆమె గొప్పతనం వీసమెత్తు తగ్గదు.

1986 నవంబర్ 15న ముంబయిలో పుట్టిన సానియా పెరిగిందంతా హైదరాబాద్‌లోనే. తండ్రి ఇమ్రాన్ మీర్జా క్రీడా పాత్రికేయుడిగా పనిచేశారు. తల్లి నసీమా. ఒకప్పటి భారత క్రికెట్ కెప్టెన్ గులాం అహ్మద్ వాళ్లకు దూరపు బంధువు. ఆరేళ్ల వయసులో తల్లి ఆమెను నిజాం క్లబ్బుకు తీసుకెళ్లింది. 1884 నాటి క్లబ్బు అది. మరీ చిన్నపిల్ల, నేర్పడం కుదరదని అక్కడి కోచ్ మొదట ఒప్పుకోలేదు. తల్లి పట్టుబట్టింది. నెల తిరిగేసరికి ఆ కోచే కబురు చేసి, ఈ వయసులో ఇంత బాగా ఆడే పిల్లను తానెక్కడా చూడలేదన్నాడు. ఆ రోజుల్లో తాను ఆడినవి పేడతో అలికిన కోర్టులని సానియా తర్వాత చాలాసార్లు చెప్పింది. బంతి ఎటు లేస్తుందో తెలియని అలాంటి నేల మీద ఆడుతూనే ఆమె ఫోర్‌హ్యాండ్ పదునెక్కింది.

మహేశ్ భూపతి తండ్రి కృష్ణ భూపతి దగ్గర శిక్షణ, నాస్ర్ స్కూల్లో చదువు, ఊరూరా టోర్నమెంట్లు. టెన్నిస్ ఖర్చు మధ్యతరగతి కుటుంబం ఒంటరిగా మోసేది కాదు. హైదరాబాద్ సంస్థ జీవీకే అండగా నిలిచింది. తండ్రే వెంట తిరిగి ఆట దిద్దాడు. పదహారో ఏట, 2003లో, రష్యా అమ్మాయి అలీసా క్లెయ్‌బనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది. అదే ఏడాది హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో నాలుగు స్వర్ణాలు ఆమెవే.

జూనియర్ విజయాలతో పేరొస్తుంది గానీ పెద్దల టెన్నిస్ తలుపు తెరుచుకోదు. పెద్ద టోర్నీలో నేరుగా ఆడాలంటే ర్యాంకు కావాలి, ర్యాంకు కావాలంటే పాయింట్లు కావాలి, అవి వచ్చేది టోర్నీల్లో ఆడితేనే. ఈ చిక్కుముడి దగ్గరే ఎందరో ఆగిపోతారు. ముడి విప్పే దారుల్లో ఒకటి వైల్డ్ కార్డు. ర్యాంకుతో పని లేకుండా నిర్వాహకులు తమకు నచ్చిన కొద్దిమందికి ఇచ్చే ప్రవేశం అది. సహజంగానే అది ఎక్కువగా సొంత ఊరి పిల్లలకు దక్కుతుంది. ఊళ్లో టోర్నీ ఉంటే కదా ఆ కార్డు ఇచ్చేది!

హైదరాబాద్‌కు ఆ అదృష్టం 2003లో వచ్చింది. ఏపీ టూరిజం హైదరాబాద్ ఓపెన్ పేరుతో మహిళల టెన్నిస్ సంఘం (డబ్ల్యూటీఏ) టోర్నీ మొదలైంది. ఆ ఏడు సానియా వైల్డ్ కార్డుతో బరిలో దిగి మొదటి రౌండ్‌లోనే ఓడింది. 2004లో మళ్లీ అవకాశం, మళ్లీ మొదటి రౌండ్ ఓటమి. ఈసారి ఎదురుపడింది ఆస్ట్రేలియాకు చెందిన నికోల్ ప్రాట్. ఆఖరికి టైటిల్ కూడా ప్రాట్‌దే. కానీ ఆ వారమే లీజెల్ హ్యూబర్ జతగా సానియా డబుల్స్ టైటిల్ గెలిచింది. ఫైనల్లో ఓడిన చైనా జోడీ లీ టింగ్, సున్ టియాంటియాన్. కొన్ని నెలల తర్వాత ఏథెన్స్ ఒలింపిక్స్‌లో స్వర్ణం నెగ్గింది ఆ జోడీయే. సానియా ఆ రోజు ఎవరిని ఓడించిందో ఊరికి ఆలస్యంగా తెలిసింది.

2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లోనూ వైల్డ్ కార్డే. 1998లో అక్కడే నిరుపమా వైద్యనాథన్ ఒక రౌండ్ గెలిచి భారత మహిళలకు దారి వేసింది. సానియా రెండు గెలిచి, మూడో రౌండ్‌లో సెరెనా విలియమ్స్‌కు 1-6, 4-6తో తలవంచింది. రెండో సెట్‌లో సెరెనాకు చెమట పట్టించిన అమ్మాయి కోసం దేశమంతా టీవీల ముందు కూర్చుంది. ఆ మరుసటి నెలే హైదరాబాద్ ఓపెన్. ఫిబ్రవరి 12న జరిగిన ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన అల్యోనా బొందరెంకోపై 6-4, 5-7, 6-3. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళ పద్దెనిమిదేళ్ల హైదరాబాదీ. రెండుసార్లు మొదటి రౌండ్‌లోనే వెనుదిరిగిన టోర్నీలో మూడో ఏడు విజేత కావడం నాకు సెరెనాతో మ్యాచ్ కంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది. మొదటి ఓటమి తర్వాత ఊరు ఆమెను వదిలేసి ఉంటే, ఈ ఫైనల్ ఇంత త్వరగా వచ్చేది కాదు.

ఆ తర్వాత ఆగింది లేదు. దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ విజేత కుజ్నెత్సోవాపై 6-4, 6-2 గెలుపు, న్యూయార్క్‌లో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్, ఆ ఏటి డబ్ల్యూటీఏ ఉత్తమ కొత్త క్రీడాకారిణి పురస్కారం. ఆ రోజుల్లోనే కొందరు ఆమె ఆట వదిలి ఆమె బట్టల మీద పడ్డారు. ఆ వయసు పిల్ల పోలీసు రక్షణ మధ్య ఆడాల్సి రావడం మనందరికీ సిగ్గుచేటు. అయినా 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకుకు, 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ మొదటి ర్యాంకుకు చేరింది.

ఊరి టోర్నీ మాత్రం ఆమె గెలిచిన ఏడాదితోనే ముగిసింది. 2006లో దక్షిణాది డబ్ల్యూటీఏ పోటీ బెంగళూరుకు వెళ్లింది. హైదరాబాద్‌కు మళ్లీ తిరిగి రాలేదు. భమిడిపాటి రష్మిక, అనంతపురం అమ్మాయి సహజ యమలపల్లి లాంటి టెన్నిస్ క్రీడాకారిణులు ఈ రోజుకీ డబ్ల్యూటీఏ పాయింట్ల కోసం ఊళ్లు పట్టుకుని తిరగాల్సిందే. మొయినాబాద్ దగ్గర ముర్తుజాగూడలో సానియా అకాడమీ నడుస్తోంది. చాంద్రాయణగుట్ట నుంచి అక్కడికి రోజూ వెళ్లిరావడం ఏ పిల్లకూ తేలిక కాదు. నగరానికి ఈ చివర అందరికీ తెరిచి ఉండే నాలుగు కోర్టులు, ఫతే మైదాన్‌లో ఏటా ఒక్క అంతర్జాతీయ టోర్నీ: ఈ రెండూ ప్రభుత్వం తలచుకుంటే కానివి కావు.