బడి చివరి పరీక్షలో ఎవరి తెలుగు? – స్కూలు ఫైనలు వ్యాసరచన వివాదం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉన్నత పాఠశాల విద్య ముగింపును తెలుగునాట ప్రధానంగా సూచించింది ఉత్సవం కాదు, పరీక్ష. ఆ పరీక్షలో విద్యార్థి ఏ తెలుగులో వ్రాయాలన్న ప్రశ్న 1911–1915 మధ్య భాషోద్యమంగా పరిణమించింది. మద్రాసు రాష్ట్రంలో మెట్రిక్యులేషన్ స్థానంలో ఎస్.ఎస్.ఎల్.సి. వచ్చిన సందర్భాన్ని, వ్యాసరచనలో వ్యావహారికానికి దక్కిన తాత్కాలిక అనుమతిని, దాని రద్దును ఈ వ్యాసం విద్యార్థి పక్షం నుండి పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్కూలు ఫైనలు, ఎస్.ఎస్.ఎల్.సి., వ్యావహారిక భాషోద్యమం, గిడుగు, గురజాడ, వ్యాసరచన.

1. ఉపోద్ఘాతం

వ్యావహారిక భాషోద్యమ చరిత్ర సాధారణంగా పండితుల వాదప్రతివాదాల చరిత్రగా కనిపిస్తుంది. గిడుగు, గురజాడ ఒక వైపు, జయంతి రామయ్య పంతులు, వేదం వేంకటరాయ శాస్త్రి మరొక వైపు నిలుస్తారు. అయితే ఆ వాదానికి తక్షణ కారణం కావ్యం కాదు, నాటకం కాదు. బడి ముగించే పిల్లవాడు మూడు గంటల్లో వ్రాయవలసిన జవాబుపత్రం. ఈ కోణం నుండి చూసినప్పుడు వివాదపు స్వరూపం కొంత మారుతుంది. భాష అందమా, ప్రాచీనతా అన్న చర్చ వెనుక, పదేళ్ళు చదివిన విద్యార్థి ఏ అర్హతతో బయటికి వెళ్ళాలన్న ప్రశ్న ఉంది.

2. మెట్రిక్యులేషన్ నుండి ఎస్.ఎస్.ఎల్.సి.కి

1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడినప్పటి నుండి ఉన్నత పాఠశాలకు చివరి మెట్టు మెట్రిక్యులేషన్. పేరుకు అది విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్ష. ఆచరణలో మాత్రం బడి చదువు పూర్తయిందనడానికి అదే గుర్తు, గుమాస్తా ఉద్యోగానికి అదే అర్హత. కళాశాలకు వెళ్ళే ఉద్దేశం లేనివాడు సైతం కళాశాల గడప వద్దనే తూకానికి నిలబడవలసి వచ్చేది. గిడుగు రామమూర్తి 1879లో, గురజాడ అప్పారావు 1882లో ఈ పరీక్షలోనే ఉత్తీర్ణులయ్యారు. తరువాతి కాలంలో బడి ముగింపు పరీక్షలోని భాషను ప్రశ్నించిన ఈ ఇద్దరూ ఆ ద్వారం గుండా నడిచినవారే.

1911లో మద్రాసు రాష్ట్రంలో ఎస్.ఎస్.ఎల్.సి. పద్ధతి అమలుకు వచ్చింది. ఇది పరీక్ష పేరు మార్పు మాత్రమే కాదు. విద్యార్థి పాఠశాలలో కనబరచిన ప్రగతి, ప్రభుత్వ పరీక్షలో వచ్చిన మార్కులు ఒకే ధ్రువపత్రంలో నమోదయ్యేవి. ఉత్తీర్ణత, వైఫల్యం అన్న రెండు ముద్రలకు బదులు, కళాశాల ప్రవేశానికి అర్హుడా కాదా అన్నది వేరుగా నిర్ణయమయ్యేది. బడి ముగింపునకు కళాశాలతో నిమిత్తం లేని స్వతంత్ర విలువ ఇవ్వాలన్నది ఈ ఏర్పాటులోని ఆలోచన. ఈ మార్పుల కాలంలోనే దేశభాషా వ్యాసరచనకు ప్రాధాన్యం పెరిగింది. అంతవరకు పద్యానికి ప్రతిపదార్థం, వ్యాకరణ సూత్రానికి ఉదాహరణ చెబితే సరిపోయిన విద్యార్థి, ఇప్పుడు తన ఆలోచనను తన వాక్యంలో పెట్టవలసి వచ్చింది. ఆ వాక్యం ఎలా ఉండాలన్న ప్రశ్న అనివార్యమైంది.

3. జవాబుపత్రంలోని సమస్య

పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక (1853), బాలవ్యాకరణం (1858) బడి తెలుగుకు ప్రమాణాలయ్యాయి. ‘ఊరికి పోయాడు’ అని పలికే పిల్లవాడు ‘ఊరికిఁ బోయెను’ అని వ్రాయాలి. అంటే ఒక చిన్న వాక్యంలోనే క్రియారూపం మార్చాలి, ద్రుతాన్ని గుర్తించాలి, పరుషాన్ని సరళం చేయాలి, అరసున్న పెట్టాలి. శకటరేఫం ఎక్కడ వస్తుందో గుర్తుంచుకోవాలి. చెవికి వినిపించే తేడా ఏదీ లేని చోట అరసున్నను, బండిరాను కంఠస్థం చేయడం తప్ప మార్గం లేదు.

ఈ వ్యత్యాసాన్ని ప్రశ్నించిన అధికారి జె.ఏ. యేట్స్. ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల పరిశీలకుడుగా వచ్చిన ఆయనకు, ప్రజలు మాట్లాడే తెలుగు, పుస్తకాల తెలుగు వేర్వేరుగా ఉండటం విచిత్రంగా తోచింది. విశాఖపట్నంలో మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాస అయ్యంగార్ ద్వారా గిడుగు, గురజాడలతో ఆయనకు పరిచయం కలిగింది. పర్లాకిమిడిలో దీర్ఘకాలం ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగుకు ఈ సమస్య తరగతి గదిలో నిత్యానుభవం. పైగా సవర భాషను మాట్లాడేవారి నోటి నుండి విని నేర్చి, దానికి వ్యాకరణం, నిఘంటువు కూర్చిన ఆయన దృష్టిలో మాట్లాడే భాషకు నియమాలు లేవన్న వాదం నిలవదు.

4. అనుమతి, రద్దు

1912–13లో స్కూలు ఫైనలు వ్యాసపరీక్షను కావ్యభాషలో గాని, ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునన్న ఉత్తర్వు వెలువడింది. ఇందులో ఎంపిక విద్యార్థికి వదిలివేయబడిన సంగతి గమనించదగినది. గ్రాంథికాన్ని ఎవరూ నిషేధించలేదు. అయినా ప్రతిఘటన తీవ్రంగా వచ్చింది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికవాదానికి వేదిక అయింది. జయంతి రామయ్య పంతులు కావ్యభాషను సమర్థిస్తూ, గిడుగు ఆధునిక తెలుగును సమర్థిస్తూ 1913లో ఆంగ్లంలో గ్రంథాలు ప్రకటించారు. తెలుగు పిల్లలు ఏ తెలుగు వ్రాయాలన్న వాదం ఆంగ్లంలో సాగడం, నిర్ణయాధికారం ఎవరి చేతిలో ఉన్నదో తెలియజేస్తుంది.

గ్రాంథికవాదుల భయాన్ని తేలికగా కొట్టివేయడం చారిత్రక దృష్టి కాదు. ప్రాంతానికొక, కులానికొక తీరుగా ఉండే పలుకుబడిని పరీక్షలో అనుమతిస్తే దిద్దేవారికి కొలబద్ద ఏది అన్నది వారి ప్రశ్న. పాత సాహిత్యంతో సంబంధం తెగిపోతుందన్నది వారి ఆందోళన. దీనికి వ్యావహారికవాదుల సమాధానం శిష్టవ్యావహారికం. చదువుకున్నవారు నిత్యం మాట్లాడే భాషలోనే ఒక సమాన రూపం ఉన్నదని వారు వాదించారు. అయితే ఆ ‘శిష్టుల’లో బడికి అప్పుడప్పుడే వస్తున్న కులాల పిల్లల పలుకుబడికి చోటు ఎంత అన్నది ఆనాటి చర్చలో ఇరుపక్షాలూ పూర్తిగా ఎదుర్కొనని ప్రశ్న.

1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం సమర్పించారు. అయినా 1915 నాటికి ఆ వెసులుబాటు రద్దయింది. అదే సంవత్సరం నవంబరు 30న గురజాడ మరణించారు. అనుమతి నిలిచిన కాలం బహుస్వల్పం. రెండు మూడేళ్ళ తేడాతో బడి ముగించిన అన్నదమ్ములలో ఒకరికి ఒప్పయిన వాక్యమే మరొకరికి తప్పయి ఉండవచ్చు. 1919లో కందుకూరి వీరేశలింగం అధ్యక్షుడిగా వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజం ఏర్పడటం, గిడుగు ‘తెలుగు’ పత్రికను ప్రారంభించడం ఈ ఓటమికి కొనసాగింపులే. పరీక్షలో మూసుకున్న తలుపును ఉద్యమం పత్రికల ద్వారా తెరవజూసింది.

5. నైజాం ప్రాంతంలో భిన్న పరిస్థితి

హైదరాబాదు రాజ్యంలో ప్రశ్న మరింత మౌలికమైనది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి బోధనాభాష ఉర్దూ. ఉన్నత పాఠశాలల దిశను కూడా అదే నిర్ణయించింది. కోస్తా విద్యార్థి ఎదుట ‘ఏ తెలుగు’ అన్న ప్రశ్న ఉండగా, తెలంగాణ విద్యార్థి ఎదుట ‘తెలుగుకు చోటు ఉన్నదా’ అన్న ప్రశ్న నిలిచింది. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం వంటి గ్రంథాలయాలు బడి ఇవ్వని తెలుగును బడి వెలుపల అందించాయి.

6. తరువాతి పరిణామం

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1969–70లో రెండేళ్ళ ఇంటర్మీడియట్ రావడంతో పదవ తరగతి ఉన్నత పాఠశాలకు ముగింపుగా స్థిరపడింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలు ఆధునిక భాషలోనే వచ్చాయి. గిడుగు కోరినది అరసున్నలు లేని జవాబుపత్రంగా చివరికి సాధ్యమైంది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29 తెలుగు భాషాదినోత్సవమైంది.

పదవ తరగతి ధ్రువపత్రం నేటికీ పుట్టినతేదీకి ప్రమాణం. వీడ్కోలు సభ, బృంద ఛాయాచిత్రం, ఆటోగ్రాఫు పుస్తకం, చివరి పరీక్షనాడు చొక్కాల మీద చల్లుకునే రంగులు విద్యార్థులు తమకు తాముగా కల్పించుకున్న ముగింపులు. ఆ ఆటోగ్రాఫు పుటల్లో ఎవరూ మార్కులు వేయరు గనుక అక్కడి భాష మొదటినుండీ విద్యార్థి సొంతం. కరోనా కారణంగా 2020, 2021లో రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పదవ తరగతి పరీక్షలు రద్దయినప్పుడు, పరీక్ష లేకుండానే ధ్రువపత్రం చేతికందింది. పరీక్ష తప్పినా పత్రం తప్పకపోవడం, బడి ముగింపులో సమాజం దేనిని అనివార్యమనుకున్నదో సూచిస్తుంది.

7. ముగింపు

1911–1915 నాటి వివాదం భాషాశాస్త్ర వివాదం మాత్రమే కాదు. బడి ముగించే విద్యార్థి తన వాక్యానికి తానే కర్త కావచ్చునా అన్నది అందులోని అసలు అంశం. వ్యావహారికం గెలిచింది. కాని ప్రమాణభాషగా స్థిరపడిన ఆ వ్యావహారికం కొన్ని ప్రాంతాల, కొన్ని కులాల పిల్లలకు మళ్ళీ నేర్చుకోవలసిన భాషే అయింది. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర మాండలికాల గురించి తరువాత తలెత్తిన చర్చలను, స్కూలు ఫైనలు వ్యాసపత్రం దగ్గర ఆగిపోయిన ఆ పాత ప్రశ్నకు కొనసాగింపుగా పరిశీలించవలసి ఉంది.